ఇంజన్ పోయింది సార్!

ఈ మూడు ముక్కలు వినగానే మనం ఏం చేస్తామో నాకు బాగా తెలుసు, నేనూ అదే చేశాను గనక. ముందు నోట మాట రాదు. కాసేపటికి "ఎంతవుతుందండీ?" అంటాం. అంతే. ఆఫీసులో ఎవడన్నా వచ్చి "సర్వర్ పోయింది" అంటే, ఎప్పట్నుంచి, లాగ్ ఏదీ, చివరగా ఏం మార్చారు, నీకెవడు చెప్పాడు అని పదహారు ప్రశ్నలేసి వాణ్ణి ఏడిపించే జనం మనం. ఇక్కడ మాత్రం బుద్ధిగా కార్డు తీసి చేతిలో పెడతాం. పైగా "తప్పు మాదేలెండి, ఆయిల్ మార్చలేదు" అని అడక్కుండానే నేరం ఒప్పేసుకుంటాం.

నా గొడవంతా ఆ ఒప్పుకోలుతోనే. ఆయిల్ మార్చకపోవడం తప్పే, అందులో వాదించేదేం లేదు. కానీ "ఆయిల్ మార్చలేదు" అన్నది రోగి చరిత్ర మాత్రమే. ఏ భాగం అరిగింది, ఎంత అరిగింది, ఆ అరుగుదల పాతదా నిన్నటిదా, ఏది మారిస్తే సరిపోతుంది అన్నవి కొలిస్తే తేలే సంగతులు. కొలవకుండా చెప్పే మాటని, ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పినా సరే, జాతకం అనే అంటాను.

సరే, నా భాగోతం వినండి.

నాది 2014 డీజిల్ హ్యాచ్‌బ్యాక్. చివరిసారి ఆయిల్ మార్పించింది 2020 ఫిబ్రవరిలో. ఆ తర్వాత లాక్‌డౌన్, ఇంటి నుంచి పని, సెల్లార్‌లో దుమ్ము కప్పుకుని పడున్న కారు. ఎప్పుడన్నా కూరగాయలకి, పిల్లాడి స్కూలుకి, నెలకోసారి ఆఫీసుకి. 2023 డిసెంబరు దాకా, అంటే దాదాపు నాలుగేళ్ళలో, తిరిగింది 11 వేల కిలోమీటర్లు. "పది వేలకి కదా మార్చాలి, ఇప్పుడేగా దాటింది, సంక్రాంతి అయ్యాక చూద్దాం" అనుకుంటూ కూర్చున్నాను. మాన్యువల్‌లో "పది వేల కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఆ రెండో ముక్క మన కంటికి ఆనదు.

డిసెంబరులో మా బావమరిది పెళ్ళి సామాను వేసుకుని హైదరాబాదు నుంచి బెజవాడ బయల్దేరాడు. సూర్యాపేటలో టిఫినుకి ఆగి, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు ఎర్ర లైటు వెలిగింది, ఆ ఆయిల్ డబ్బా బొమ్మది. వాడు రోడ్డెక్కి ఎనభైలో పోతుంటే ఆరిపోయింది. మళ్ళీ టోల్‌గేటు దగ్గర వెలిగింది. మళ్ళీ ఆరింది. నాకు ఫోన్ చేసింది బెజవాడ చేరాక. "బావా, ఆగినప్పుడే వస్తోంది, స్పీడ్‌లో రావట్లేదు. అంచేత ఎక్కడా ఆపకుండా వచ్చేశా" అన్నాడు, ఏదో తెలివైన పని చేసినవాడిలా. కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం, ఎక్కడా ఆగలేదు మహానుభావుడు.

ఇక్కడో మాట చెప్పాలి, ఎందుకంటే మా వాడొక్కడే కాదు, మీలో సగంమంది ఆ లైటు ఆయిల్ తగ్గితే వెలుగుతుందనుకుంటారు. చాలా కార్లలో అది ఆయిల్ ఎంతుందో చూసే లైటు కాదు, ప్రెషర్ లైటు. ఇంజన్ బ్లాక్‌కి ఓ చిన్న స్విచ్ ఉంటుంది. ప్రెషర్ బాగా పడిపోయాక, బేరింగులకి ఆయిల్ చాలక అల్లాడే స్థితి దగ్గరపడ్డాక, అది వెలిగిస్తుంది. ఆయిల్ పంపు ఇంజన్‌తోపాటే తిరుగుతుంది కాబట్టి ఆర్‌పీఎమ్ పెరిగితే ప్రెషరూ పెరుగుతుంది, లైటు ఆరుతుంది. ఆరిందంటే బాగయిందని కాదు. ఐడిల్‌లో నిలబడలేని ప్రెషరుతో లోడ్ మీద వంద కిలోమీటర్లకి పైగా తోలాడన్నమాట. లైటు వెలిగితే పక్కకి తీసి ఆపేయడమే, ఇంకో ఆలోచన లేదు.

బెజవాడలో ఒక ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి వ్యాన్ మీద ఎక్కించి పంపాం. నేను రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగాను. అడ్వైజర్ కుర్రాడు చాలా మర్యాదస్తుడు. "ఇంజన్ పోయింది సార్. హాఫ్ ఇంజన్ మార్చాలి, టర్బో కూడా. లక్షా డెబ్బై నాలుగు వేలు." జాబ్ కార్డు మీద "ఇంజన్ నాయిస్, పూర్ మెయింటెనెన్స్" అని అప్పటికే ఎక్కించేశారు. ఎలా చెప్తున్నారని అడిగాను. "సౌండ్ వినండి సార్" అని, ఆపే లోపే స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ తొక్కి మరీ వినిపించాడు. టక్‌టక్‌టక్. వచ్చిన ప్రతివాడికీ అలాగే వినిపించారట, నాకన్నా ముందు మా మామగారికి, ఆయనకన్నా ముందు ఇద్దరు సూపర్‌వైజర్లకి. బేరింగులు పోయాయని అనుమానం ఉన్న ఇంజన్‌ని, ప్రెషర్ ఎంతుందో చూడకుండా, డిప్‌స్టిక్ తియ్యకుండా, వినికిడి కోసం నాలుగుసార్లు రేస్ చేశారు. గుండెనొప్పి అన్నవాణ్ణి నాలుగు మెట్లెక్కించి ఆయాసం ఎలా వస్తుందో చుట్టాలకి చూపించినట్టు.

చెవి గొప్పదే, కాదన్ను. నలభై ఏళ్ళు ఇంజన్ల మధ్య బతికినవాడి చెవి మనకున్న చాలా మానిటరింగ్ టూల్స్ కన్నా నయం. కానీ ఆ చెవి చెప్పేది అనుమానం, ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు. సన్నగా టిక్ టిక్ అని, క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి వినిపించేది పైన వాల్వుల వైపు సంగతి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు క్షణాలు గరగరమని ఆగేది చెయిన్ టెన్షనర్ దగ్గర కావచ్చు, ఎందుకంటే చాలా ఇంజన్లలో అది ఆయిల్ ప్రెషరుతోనే బిగుస్తుంది. లోడ్ పడ్డప్పుడో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో కింద నుంచి గట్టిగా కొట్టేది కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఇంకా బరువుగా దబ్‌దబ్‌మనేది మెయిన్ బేరింగ్. ఇవి కాక డీజిల్‌లో ఇంజెక్టర్ పాడైనా అచ్చం రాడ్ కొట్టినట్టే వినిపిస్తుంది. ఆ ఒక్క ఇంజెక్టర్‌కీ, హాఫ్ ఇంజన్‌కీ మధ్య తేడా ఎన్ని వేలో లెక్కేసుకోండి. పది క్షణాలు విని ఆ తేడా పట్టేశానంటే నేను నమ్మను. స్కానర్ తగిలించి ఒక్కో సిలిండర్‌కీ ఇంజెక్టర్ ఆపి చూస్తే, ఏ సిలిండర్ ఆపినప్పుడు శబ్దం మారిందో తెలుస్తుంది. రాడ్ బేరింగా, ఇంజెక్టరా అన్నది అక్కడితో పూర్తిగా తేలదు కానీ, ఏ గదిలో దొంగ ఉన్నాడో తెలుస్తుంది. అయిదు నిమిషాల పని. చెయ్యలేదు.

రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ళు ఇంకో రకం. "చూడండి సార్, ఆయిల్ తారులా అయిపోయింది" అని డిప్‌స్టిక్ ముక్కు దగ్గర పెడతారు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసి. మసిని తనలో పట్టి ఉంచడం ఆ ఆయిల్ చెయ్యాల్సిన పనుల్లో ఒకటి. నలుపు చూసి భయపడే మనమే, మూత లోపల తెల్లటి వెన్నలాంటిది కనబడగానే "హెడ్ గాస్కెట్" అని ఏడుస్తాం. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగి ఇంజన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేసే కారులో ఆ వెన్న లోపల పట్టిన తేమ కావచ్చు. కూలెంట్ తగ్గుతోందా, ఆయిల్‌లో కూలెంట్ కలిసిందా అని చూడకుండా హెడ్ విప్పించుకున్నవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు.

ఇప్పుడు మన గురించి. "ఎక్కువ తిరగలేదండీ" అనే మన ఘనమైన వాదన గురించి.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళి రావడం ఏ వేగంతో జరుగుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గంటకి సగటున 15 కిలోమీటర్లు అనుకుందాం. 8 వేల కిలోమీటర్లు తిరగడానికి ఇంజన్ 533 గంటలు నడవాలి. అదే 8 వేలు హైవే మీద సగటు 60తో అయితే 133 గంటలు. ఓడోమీటర్‌కి రెండూ ఒకటే, ఆయిల్‌కి నాలుగు రెట్లు తేడా. అందులో ఐడిల్‌లో నించున్న గంటలెన్నో! మన ఆఫీసుల వెనకాల డీజిల్ జనరేటర్లుంటాయి కదా, అవి ఒక్క కిలోమీటర్ కూడా తిరగవు. మరి వాటి ఆయిల్ జీవితాంతం అదే ఉంచుతారా? వాటికి గంటల మీటర్ ఉంటుంది, ఇన్ని గంటలకి మార్చాలని ఉంటుంది, మార్చినట్టు సంతకం ఉంటుంది. ఆ జనరేటర్ ఆగిపోతే మన సర్వర్లు ఆగిపోతాయని దానికి అంత మర్యాద. కారు మాన్యువల్లో కూడా ట్రాఫిక్, దుమ్ము, చిన్న చిన్న ప్రయాణాలు ఉన్నవాళ్ళకి ఇంకా తొందరగా మార్చమని వేరే పట్టిక ఉంటుంది. హైదరాబాదు, బెంగుళూరు, పూణె, చెన్నై, మీరెక్కడున్నా ఆ పట్టికే మీది. మొదటి పట్టిక మన సిటీ కార్లకి కాదు.

కదలకుండా పడున్న కారు సంగతి కూడా అంతే. ఆయిల్‌లో కలిసిన తేమ, సగం కాలిన ఇంధనం, కాలినప్పుడు పుట్టే ఆమ్లాలు అందులోనే నానుతుంటాయి. ఆ ఆమ్లాల్ని విరిచే రసాయనాలు ఆయిల్‌లో కొంతమేరకే ఉంటాయి, అయిపోతాయి. తర్వాత ఆయిల్ చిక్కబడి, జిగురై, గడ్డకట్టి అడుగున చేరుతుంది. నాలుగేళ్ళపాటు నేను సెల్లార్‌లో జాగ్రత్తగా పెంచింది దాన్నే.

మళ్ళీ బెజవాడకొద్దాం. లక్షా డెబ్బై నాలుగు వేల ఎస్టిమేటు విన్నాక నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బావమరిది మీద పడ్డాను. "లైటు వెలుగుతుంటే వంద కిలోమీటర్లు తోలతావా, బుద్ధుందా" అని అందరి ముందూ అన్నాను. వాడు అప్పుడు అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. మారు మాట్లాడలేదు. రాత్రికి మా ఆవిడ వచ్చి "ఏవండీ, వాడు ఉద్యోగం రాగానే నెలకింత కట్టేస్తానంటున్నాడు, మీరు ఇంకేం అనకండి" అంది. పెళ్ళింట్లో మూడు రోజులు వాడు నాకు కనబడకుండా తిరిగాడు. ఇది కూడా డయాగ్నోసిస్సే చూశారూ, ఏమీ కొలవకుండా నేను చేసింది. సర్వీస్ సెంటర్ వాడు శబ్దం విని చెప్తే, నేను ఆ శబ్దం కూడా సరిగ్గా వినలేదు.

మా మామగారు పట్టుబట్టబట్టి కారుని ఆటోనగర్‌కి తీసుకెళ్ళాం. బెజవాడ ఆటోనగర్ గురించి తెలుగువాళ్ళకి పరిచయం అక్కర్లేదు. లారీల నుంచి ట్రాక్టర్ల దాకా చక్రం ఉన్న ప్రతిదానికీ అక్కడో సందుంటుంది. ఆ మెకానిక్‌కి అరవై దాటాయి. నేను "బాబాయ్" అన్నాను, ఆయన నన్ను "బాబూ" అన్నాడు. చేసిన మొదటి పని ఏమిటంటే, తాళం నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకోవడం. "దీన్ని ఎవరూ స్టార్ట్ చెయ్యకండి."

ఆయిల్‌ని శుభ్రమైన ట్రేలోకి దించాడు. మూడు లీటర్లు పట్టే ఇంజన్‌లోంచి రెండు లీటర్లు కూడా రాలేదు. కాగితం ఫిల్టర్ తీసి, చీర కుచ్చిళ్ళు విప్పినట్టు మడతలు విప్పి ఎండలో పరిచాడు. నల్లటి ముద్ద, అందులో సన్నటి మెరుపు. అయస్కాంతం పెడితే ఒక్క రవ్వ కూడా అంటుకోలేదు. "ఇనుము కాదు బాబూ, బేరింగ్ పొడి." (మీ కారుది రేకు డబ్బా ఫిల్టర్ అయితే దాన్ని హాక్‌సా బ్లేడుతో కొయ్యనివ్వకండి. ఆ రంపపు పొడే లోపల పడి, ఇంజన్ పొడి అని మిమ్మల్నే భయపెడుతుంది. అంచు కత్తిరించే కట్టర్‌తో తీయించండి.) ఇదంతా ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండానే, అరగంటలో.

తర్వాత కొత్త ఆయిల్ పోసి, ప్రెషర్ స్విచ్ ఊడదీసి ఆ కన్నంలో గేజ్ బిగించాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు పరవాలేదనిపించింది. వేడెక్కాక ఐడిల్‌లో 0.6 బార్ దగ్గర వణికింది, మాన్యువల్ అడిగినదానికి బాగా కింద. చల్లగా ఉన్నప్పుడే చూసి "బాగానే ఉంది" అనేవాళ్ళుంటారు, వేడి ఐడిల్ రీడింగే అడగాలి. స్కానర్‌తో ఇంజెక్టర్లు ఒక్కొక్కటే ఆపాడు. మూడోది ఆపగానే శబ్దం మెత్తబడింది. వెంటనే ఇంజన్ ఆపేశాడు.

ఛాంబర్ దించాక నాకు నోట మాట రాలేదు. ఆయిల్ పీల్చే గొట్టం మూతికి జాలీ ఉంటుంది. ఆ జాలీ మూడింట రెండు వంతులు మూసుకుపోయింది. బందరు నల్ల హల్వా చూశారుగా, అచ్చం అదే, నెయ్యి మెరుపుతో సహా. పంపు నిక్షేపంగా ఉంది, పీల్చడానికి దారి లేదు. ఇలాంటి ఇంజన్‌లో "ఫ్లష్ కొట్టిద్దాం సార్, లోపలంతా క్లీన్ అయిపోద్ది" అని ఏదో సీసా పోసేవాళ్ళుంటారు. ఆ సీసా దెబ్బకి గోడలకున్న హల్వా కూడా ఊడొచ్చి జాలీ మీదే పడుతుంది. మిగిలిన మూడో వంతు కూడా మూసుకుపోతే కథ కంచికి.

రాడ్ క్యాపులు విప్పి బేరింగ్ షెల్స్ వరసగా గుడ్డ మీద పెట్టాడు. ఇది నేను జీవితంలో మర్చిపోను. ఒకటి, రెండు, నాలుగు: మధ్యలో పైపూత సమంగా అరిగిపోయి కింద రాగి రంగు కనబడుతోంది, అంచుల్లో పూత ఇంకా ఉంది. మూడోది వేరేగా ఉంది. పూత ఒక పక్కకి పాకినట్టు పూసుకుపోయి, వీపు వైపు కాస్త రంగు మారింది. బాబాయ్ మొదటి మూడింటినీ చూపించి, "ఇవి ఇవాళ్టివి కావు. ఏళ్ళ తరబడి మురికి ఆయిల్‌తో తోముకున్నట్టు అరిగాయి. ఆయిల్ అందక ఒక్కసారిగా పోతే ఇలా సమంగా ఉండవు, కాలి, చీరుకుపోతాయి" అన్నాడు. మూడోదాన్ని వేలితో పక్కకి తోసి, "ఇందులో కొంచెం మీ వాడి వాటా ఉంది" అన్నాడు.

కొంచెం. మిగతాదంతా నాది. మా వాడు తోలకపోయినా, ఆ సంక్రాంతికి నేనే తోలినా ఆ లైటు వెలిగేదే. ఆ రాత్రి వాడి దగ్గరకెళ్ళి క్షమించమని అడిగాను. "పర్లేదు బావా" అన్నాడు. పర్లేదు అన్న గొంతు కాదది.

క్రాంక్‌ని మైక్రోమీటర్‌తో కొలిస్తే నాలుగు జర్నల్సూ లిమిట్‌లోనే ఉన్నాయి. మూడోదాన్ని పాలిష్ చేసి, కొత్త షెల్స్ వేసి, ప్లాస్టిగేజ్ తీగ పెట్టి బిగించి విప్పి మళ్ళీ కొలిచాడు. సందు సరిపోయింది. మెయిన్ బేరింగులు, జాలీ, చెయిన్ సెట్టు, టెన్షనర్, ఛాంబర్ కడుగుడు, ఆయిల్ రెండుసార్లు (మొదటిది 500 కిలోమీటర్లకే దించేయమన్నాడు), మొత్తం 41,300. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దాదాపు సమానం, రింగులకి ఢోకా లేదు. అంటే ఆ హాఫ్ ఇంజన్‌లో మూడొంతుల సామాను బాగున్న సామానే, పారేసి కొత్తది కొనమన్నారు.

నన్ను మోసం చెయ్యబోయారని అంటున్నానా? లేదు. ఆ అడ్వైజర్‌కి మోసం చేసే ఉద్దేశం ఉందని నేననుకోను. విప్పి కొలిచి షెల్స్ మార్చడం కన్నా అసెంబ్లీ మొత్తం మార్చడం అతనికి సుళువు, మళ్ళీ తిరిగి రాదు, గొడవ ఉండదు. బగ్ ఎక్కడో వెతికే ఓపిక లేక మాడ్యూల్ మొత్తం తిరగరాసేవాళ్ళు మనలో లేరా? :) నా కోపం దానిమీద కాదు. "పూర్ మెయింటెనెన్స్" అన్న రెండు మాటలు రాసేశాక ఇంక ఎవరూ ఏదీ చూడక్కర్లేదన్నట్టు ప్రవర్తించారే, దానిమీద. ఆ రెండు మాటలు ఎవడు డబ్బు కట్టాలో తేల్చేస్తాయి. వారంటీలో ఉన్న కారుకైతే మరీనూ.

ఇది మన ఊళ్ళ గొడవే అనుకోకండి. అమెరికాలో క్యామ్రీ తోలని మనవాళ్ళు తక్కువ కదా, వాళ్ళకి ఈ కథ తెలిసే ఉండాలి. 1997 నుంచి 2002 దాకా మోడళ్ళలో టొయోటా వాడిన రెండు ఇంజన్లలో, 2.2 లీటర్ నాలుగు సిలిండర్లదీ, 3.0 లీటర్ వీ6లోనూ, ఆయిల్ గడ్డకట్టి పాడైన కేసులు పోగయ్యాయి. ఓనర్లు సరిగ్గా ఆయిల్ మార్చలేదు అన్నది మొదట్లో కంపెనీ మాట. సరిగ్గానే మార్చామని రసీదులు పట్టుకుని నిలబడ్డవాళ్ళు చాలామంది. 2002లో దాదాపు 33 లక్షల బళ్ళకి, మొదట కొన్న తేదీ నుంచి ఎనిమిదేళ్ళపాటు ఈ డ్యామేజీ కవర్ చేస్తామని కంపెనీ ప్రకటించింది, 2007లో కోర్టులో సెటిల్‌మెంటూ అయింది. హ్యుందాయ్‌ది ఇంకో కథ. 2015 సెప్టెంబరులో అమెరికాలో 2011, 2012 సొనాటాలు సుమారు 4.7 లక్షలు వెనక్కి పిలిచారు. కారణం: ఫ్యాక్టరీలో క్రాంక్ తయారుచేసినప్పటి లోహపు పొడి ఆయిల్ దారుల్లో మిగిలిపోయి, రాడ్ బేరింగులకి ఆయిల్ అందకుండా అడ్డుపడవచ్చని. లోపల బేరింగ్ పోయాక ఆయిల్ మార్చని కారుకీ, ఫ్యాక్టరీ పొడి అడ్డుపడ్డ కారుకీ బయట వినిపించే శబ్దం ఒకటే, టక్‌టక్‌టక్. చెవి పెట్టి విని "ఓనర్ తప్పు" అని ఎవరైనా ఎలా రాస్తారు?

అందుకే రసీదులు దాచమంటాను. ఆయిల్ గ్రేడు, తేదీ, కిలోమీటర్లు, వీలైతే పాత ఫిల్టర్ ఫోటో. మీరు నిజంగా మార్చలేదనుకోండి, అప్పుడూ అడిగే హక్కు పోదు. తప్పు చేసినవాడు చేసిన తప్పుకి కట్టాలి, అవతలివాడి ఊహకి కట్టక్కర్లేదు.

ఇంతా విని మీరు అనేది నాకు తెలుసు: "ఇదంతా చేయించే టైమెక్కడుంది గురూ, విప్పుడు కూలీ కూడా మనమే కట్టాలిగా." కట్టాలి. నాకు చూపు ఖర్చే, ఛాంబర్ దించడంతో కలిపి, ఆరు వేలైంది. ఆరు వేలు పెట్టి చూశాక నిజంగానే ఇంజన్ పోయిందని తేలితే ఆరు వేలు దండగే. కానీ దీనికి అవతలి వైపు కూడా ఉంది. బెంగుళూరులో మా టీమ్ ఆయన ఒకరికి ఇదే లైటు వెలిగితే గ్యారేజీవాడు "స్విచ్ ఖరాబు" అని 650కి కొత్త స్విచ్ వేశాడు. రెండ్రోజులు ఆగి మళ్ళీ వెలిగితే వైరింగ్ అన్నాడు. చవగ్గా అయిపోయిందని ఈయన సంతోషపడ్డాడు. రెండో వారం హోసూరు రోడ్డు మీద కనెక్టింగ్ రాడ్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. స్విచ్ పోవడం మామూలే, నిజమే. కానీ స్విచ్ విప్పినప్పుడు ఆ కన్నంలో గేజ్ ఒక్కసారి పెట్టి ఉంటే? గేజ్ కిట్ రెండు వేల లోపు దొరుకుతుంది. పెట్టి చూడ్డానికి పావుగంట. నాకు పెద్ద ఊహ, ఆయనకి చిన్న ఊహ. రెండింట్లోనూ ఎవరూ ప్రెషర్ చూడలేదు.

ఎక్కువేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎస్టిమేట్ చేతికి ఇచ్చినప్పుడు, వేడి ఐడిల్‌లో ప్రెషర్ ఎంతొచ్చింది, ఫిల్టర్ విప్పితే ఏం కనబడింది, కంప్రెషన్ అంకెలేవి అని అడగండి. అంకెలుంటే రాసిమ్మనండి. లేవంటే కారు అక్కణ్ణుంచి తీయించేయండి, తోలుకుంటూ కాదు, వ్యాన్ మీద. నీలం పొగ వస్తోందంటే ఎప్పుడొస్తోందో అడగండి. రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ సీల్స్ ముందు చూడాలి, లాగుతున్నప్పుడు వస్తే రింగులో టర్బోనో. పొగ చూడగానే "బోరుకొచ్చింది" అనేవాడికి ఈ రెండూ ఒకటే. మీకు కాకూడదు.

టర్బో సంగతి చెప్పలేదు కదూ. బాబాయ్ దానికి డయల్ గేజ్ పెట్టి, షాఫ్ట్ ముందుకీ వెనక్కీ ఎంత కదులుతోందో చూశాడు. 0.07 మిల్లీమీటర్లు. "హద్దులోనే ఉంది బాబూ, కానీ అంచుకి దగ్గర. ఇప్పుడు మార్చమని చెప్పను, బాగుందనీ చెప్పను. ఏడాదాగి చూద్దాం" అన్నాడు. పోయిన జనవరిలో మళ్ళీ వెళ్ళి పెట్టించాను, 0.08 వచ్చింది. ఈసారి తోలుకెళ్ళింది మా బావమరిదే. నందిగామ దగ్గర దోస తినడానికి ఆగి, ఇంజన్ ఆపి, పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ ముంచి, ఫోటో తీసి నాకు పంపాడు. ఏమీ రాయలేదు, ఒట్టి ఫోటో.